ఎడమ తలుపు

జూన్ 2

గౌరవనీయురాలైన అక్కయ్యకు,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాము. బావగారి మోకాలినొప్పి తగ్గుముఖం పట్టిందని తలుస్తాను. రాయవలసిన పని ముందుగా రాస్తాను.

నాన్నగారి కారు తాళంచెవి కనబడటం లేదు.

కారు కలప అడితి వెనుక రేకుల షెడ్డులోనే ఉన్న సంగతి మీకు తెలుసు. అడితి యజమాని ఆ షెడ్డు పడగొట్టి కోతమిషను పెట్టుకుంటాడట. ఈ నెల ముప్ఫయ్యో తేదీ ఉదయానికి ఖాళీ చేయాలని, లేకపోతే క్రేనుతో లాగించి పాత ఇనుము వాళ్లకు అప్పగిస్తానని చెప్పాడు. మాట మీద నిలబడే మనిషి. నా ఇబ్బంది కూడా అదే.

కారు గేరులో ఉంది. హ్యాండ్‌బ్రేకు వేసి ఉంది. లోపలికి వెళ్లి ఆ రెండూ వదిలిస్తే తప్ప పదిమంది తోసినా అంగుళం కదలదు. యాభై రెండేళ్ల కిందటి బండి కనుక బయటినుంచి తాళం పట్టే తలుపు ఒక్కటే, ముందు ఎడమవైపుది. మిగతా మూడింటికీ లోపలినుంచి గడియలు. డిక్కీకీ అదే తాళంచెవి. అద్దాలన్నీ ఎత్తి ఉన్నాయి. ఒక్కటి పగిలినా అలాంటిది మళ్లీ దొరకదు. చేసిన కంపెనీయే ఇప్పుడు లేదు.

తాళంచెవి మా ముందుగదిలో, గడియారం కింద కొక్కేనికి ఉండేది. నాన్నగారు పోయిన తరువాత షెడ్డు దాకా వెళ్లినవారు నలుగురు: నేను, మీ మరదలు, అడితి యజమాని, మీరు. నా సంగతి నాకు తెలుసు. మీ మరదలు గుమ్మం దాటలేదు. ఆమెకు ఎలుకలంటే భయం. అడితి యజమాని నేనుండగా వచ్చి, నేనుండగానే వెళ్లాడు. మీరు తిరుగు ప్రయాణానికి ముందు రోజు మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు వెళ్లి, మూడు గంటల యాభైకి వచ్చారు. నలభై నిమిషాలు, ఒంటరిగా.

దీనికి ఫలానా అర్థమని నేను అనటం లేదు. పొరపాటున మీ చేతిసంచిలోకి ఏమైనా చేరిందేమో ఒకసారి చూడగలరని మనవి.

మీ తమ్ముడు


జూన్ 6

ఒరేయ్ పట్టీల పంతులూ,

నేను ఎప్పట్నుంచిరా "మీరు" అయ్యాను? గౌరవనీయురాలట! పోలీస్ స్టేషన్ నుంచి వచ్చిందేమోనని మీ బావ కంగారుపడి కళ్లజోడు కోసం ఇల్లంతా తిరిగారు. కళ్లజోడు నెత్తిమీదే ఉంది, అది వేరే సంగతి. చదివాక, "మీ తమ్ముడు నా మోకాలిని అడిగాడు, అదొక్కటీ మనుషులు రాసే ముక్క" అన్నారు.

మూడూ పది, మూడూ యాభై. ఒక పక్క నాన్న పోయి నేను దిక్కు తోచక ఆ రేకుల కింద నిలబడితే, ఇంకో పక్క నువ్వు వాచీ చూసుకుంటున్నావన్న మాట. బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు.

ఆ కొక్కేనికి వేలాడే తాళంచెవి నేను ముట్టుకోలేదు. చాలా?

ఇప్పుడు నేనడుగుతాను, నువ్వు చెప్పు. ఏడేళ్లుగా కదలని బండి మీద ఇవాళ ఇంత ప్రేమ ఎందుకు పుట్టుకొచ్చింది? ఎవరికి మాటిచ్చావు? నేను వచ్చిన రోజున తెల్లబూట్లాయన ఒకడు అడితి గేటు దగ్గర నిలబడి షెడ్డు ఫోటోలు తీసుకుంటున్నాడు. అక్క ఏడుపులో ఉంది, ఏం చూస్తుందిలే అనుకున్నావేమో. ఏడ్చినా నా కళ్లు పనిచేస్తూనే ఉంటాయి.

నాన్న మంచాన పడ్డప్పుడు "రా అక్కా" అని రెండు ముక్కలు రాయడానికి నీకు కాగితం దొరకలేదు. తాళంచెవి పోతే మాత్రం పేజీ నిండా దొరికింది.

నువ్వు లిస్టు రాయకుండా ఉండే రకం కాదు. షెడ్డులో సామాను లిస్టు రాసే ఉంటావు. నకలు పంపు. మొత్తం పంపు, నీకు ఇష్టమైన పేజీలు కాదు. ఏమేం ఉన్నాయో, ఏమేం ఎగిరిపోయాయో నేనూ చూస్తాను.

అక్క


జూన్ 10

అక్కయ్యా,

నీ ఉత్తరం అందింది. వరుసగా జవాబిస్తాను.

తెల్లబూట్ల ఆయన కోతమిషను బిగించే మనిషి. కొలతల కోసం ఫోటోలు తీసుకున్నాడు. కారు వైపు కన్నెత్తి కూడా చూడలేదు. కారును ఎవరికీ ఇవ్వను. మా బైండింగు షాపు వెనుక ఖాళీ జాగా ఉంది, అక్కడ పెట్టి నెమ్మదిగా బాగుచేసుకుంటాను. బండి పనులు నాకు ఎవరూ నేర్పలేదు. పుస్తకాలు కుట్టడమూ ఎవరూ నేర్పలేదు, అయినా కుడుతున్నాను.

నాన్నగారి జబ్బు సంగతి. నీకు రాయనా అని రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ గోడవైపు తిరిగి పడుకున్నారు. అవునో కాదో నాకు తెలియలేదు. తెలియనిది రాయలేకపోయాను. తప్పయితే తప్పే.

కారు సంగతి. కిటికీ పైఅంచు రబ్బరు సందులోంచి తీగ దించి లోపలి పిడిని లాగాలని మూడు రోజులు చూశాను. పిడి నునుపు, తీగ జారిపోతున్నది. నిన్న తాళాలు బాగుచేసే ఆయన్ని తీసుకువెళ్లాను. బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, మూలనున్న చిన్న అద్దాన్ని వేలితో కొట్టి చూసి, "అయ్యా, ఇదొక్కటి పగలగొట్టుకుందాం. అర నిమిషం పని" అన్నాడు.

"అర నిమిషం తరువాత?" అన్నాను.

"తరువాతేముంది, చెయ్యి కోసుకోకుండా లోపల పెట్టుకోండి" అన్నాడు.

పంపించివేశాను.

ఇక నీ ఉత్తరంలో ఒక వాక్యం. "ఆ కొక్కేనికి వేలాడే తాళంచెవి నేను ముట్టుకోలేదు" అని రాశావు. "నా దగ్గర తాళంచెవి లేదు" అని రాయలేదు. పుస్తకాలు కుట్టేవాణ్ణి కనుక ఎక్కడ కాగితం చిరిగిందో నా కంటికి ఇట్టే కనబడుతుంది. ఈ తేడా నువ్వు తెలిసి చేసిందా, తెలియక చేసిందా?

లిస్టు నకలు జత చేశాను. ఆరు పేజీలు, నూట పద్నాలుగు వస్తువులు. నువ్వు ఊరికి వెళ్లిన మర్నాడు మొదలుపెట్టి నాలుగు రోజుల్లో పూర్తిచేశాను. ప్రతి వస్తువుకూ తెల్లదారంతో అంకె వేసిన చీటీ కట్టి, ఎక్కడ దొరికినది అక్కడే పెట్టాను. నలభై ఒకటి నుంచి యాభై ఎనిమిది దాకా కారు లోపలివి. తాళంచెవి లేదు కనుక అవి అద్దంలోంచి చూసి రాసుకున్నవి.

ఇంకా ఇరవై రోజులు ఉన్నాయి.

తమ్ముడు


జూన్ 14

ఒరేయ్ తమ్ముడూ,

నీ లిస్టు చదివాను. మీ బావ పక్కన కూర్చుని, నేను చదువుతుంటే నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నారు. "పనికిరాని మేకులు, వంకరవి పదకొండు, తిన్ననివి నాలుగు." నాలుగు తిన్నగా ఉంటే అవి పనికిరానివి ఎలా అయ్యాయిరా?

సరే, నవ్వు అయిపోయింది. ఇక విను.

నలభై ఏడు: "డ్రైవరు సీటు కింద నల్ల గొడుగు, పిడి విరిగినది, లోపలి ఊచల్లో ఒకటి తుప్పు." సీటు కింద, మూసి ఉన్న గొడుగులోని ఊచ అద్దంలోంచి కనబడిందా నీకు?

యాభై రెండు: "ముందు అరలో చేతి అద్దం, వెనకవైపు మూడు గీతలు." మూసిన అరలో, బోర్లా పెట్టిన అద్దం వెనక గీతలు!

యాభై అయిదు: "క్లచ్ పెడల్ రబ్బరు, నొక్కితే గట్టిగా ఉంది." ఏ కాలితో నొక్కావురా, బయట నిలబడి?

నేను వెళ్లిన మర్నాడు మొదలుపెట్టానని నువ్వే రాశావు, నీ చేత్తో. అంటే నేను బస్సెక్కాక నువ్వు ఆ బండిలోకి వెళ్లావు. తాళంచెవి నీ దగ్గర ఉంది. తలుపు తీశావు. సీటులో కూర్చున్నావు. అన్నీ తడిమావు. ఆ తరువాత నాకు ఉత్తరం రాశావు, సంచి వెతుక్కోమని.

ఏమనుకోమంటావు నన్ను? నాకు దక్కకూడనిది ఏదైనా అందులో ఉంటే తీసేసి, లిస్టులో ఎక్కించకుండా, తాళంచెవి పోయిందని నాటకమాడుతున్నావా? అలా కాదంటే ఏమిటో నువ్వే చెప్పు. నూట పద్నాలుగు వస్తువులు రాసినవాడికి ఒక్క తాళంచెవి ఎక్కడ పెట్టాడో తెలియదంటే ఎవరు నమ్ముతారు? మీ బావ కూడా నమ్మలేదు. ఆయన పాలవాడు చెప్పేదీ నమ్మే మనిషి.

అక్క


జూన్ 18

అక్కయ్యా,

నువ్వు రాసినది సరైనదే.

నీ ఉత్తరం చదివి మొదట కోపం వచ్చింది. షాపులో జిగురు పొయ్యి మీద పెట్టి మరిచిపోయి మాడ్చాను. తరువాత అసలు లిస్టు తీసి చూశాను. దస్తూరి నాదే. అంకెలు నావే. యాభై ఎనిమిదో వస్తువు పక్కన చిన్న నూనెమరక ఉంది, అది ఆ బండి డ్యాష్‌బోర్డు వాసన వేస్తున్నది. లోపల కూర్చుని రాసినదే. నాకు గుర్తులేదు.

అబద్ధమనుకోవద్దు. ఆ నాలుగు రోజుల్లో నేను మనుషుల్లో లేను. అన్నం ముందు కూర్చుని కంచం అంచున ఎన్ని పువ్వులున్నాయో లెక్కపెట్టానని నీ మరదలు చెబుతున్నది. ఏది ఎక్కడ ఉందో రాశాను గాని, నాన్నగారి సీటులో ఎంతసేపు కూర్చున్నానో ఎక్కడా రాయలేదు.

పొద్దున టార్చి తీసుకుని వెళ్లి ఒక్కొక్క అద్దంలోంచి చూశాను. స్టీరింగు కింద సన్నని అర ఒకటి ఉంది. దాని అంచునుంచి తెల్లదారం వేలాడుతున్నది. తాళంచెవికి చీటీ కట్టి అక్కడ పెట్టి, లిస్టులో ఎక్కించడం మరిచినట్టున్నాను. ఈ బండి ఎడమ తలుపు లోపలి పిడిని కిందికి తోసి, బయటి బొత్తాం నొక్కిపట్టి మూస్తే తాళంచెవి లేకుండానే తాళం పడుతుంది. నాన్నగారు తలుపు మూసే పద్ధతి అదే. చిన్నప్పటినుంచి చూసి చూసి నా చేతికీ అదే వచ్చి ఉంటుంది.

కనుక జూన్ రెండో తేదీ ఉత్తరం వెనక్కి తీసుకుంటున్నాను. నలభై నిమిషాల మాట కూడా. నిన్ను అనుమానించి తప్పు చేశాను.

బండి ఇంకా మూసే ఉంది. పన్నెండు రోజులే మిగిలాయి. వెనకద్దం మీద ఆశ పెట్టుకున్నాను. అది ఇనుపచట్రంలో కాక రబ్బరులో కూర్చుని ఉంది. మడతలు నొక్కే ఎముక పలక మా షాపులో ఉంది కదా, దానికి పదును ఉండదు. సబ్బునీళ్లు పోసి దానితో రబ్బరు కొద్దికొద్దిగా లేపితే అద్దం మొత్తంగా ఊడి రావచ్చు. పగలనూవచ్చు.

ఒక్కటి మాత్రం అడగక తప్పటం లేదు. నా అనుమానం తప్పే. కానీ "నా దగ్గర తాళంచెవి లేదు" అని నువ్వు రెండో ఉత్తరంలోనూ రాయలేదు.

తమ్ముడు


జూన్ 21

తమ్ముడూ,

నువ్వు వదలవు. చిన్నప్పుడు పంటి సందులో ఏదైనా ఇరుక్కుంటే రెండు రోజులు నాలుకతో పొడిచేవాడివి.

ఉంది. నా దగ్గర ఒకటి ఉంది. ఇరవై రెండేళ్లుగా ఉంది. కవరులో గుడ్డముక్కలో చుట్టి పెట్టాను, చూసుకో.

మీ బావతో వెళ్లిపోతానని చెప్పిన రోజు గుర్తుందా? నాన్న నాతో ఆ వారమంతా మాట్లాడలేదు. వెళ్లే పొద్దున మాత్రం బండి తీసి, నా పెట్టె తనే వెనక పెట్టి, బస్టాండు దాకా దింపాడు. దారిలో ఒక్క మాట లేదు. హారన్ కూడా కొట్టలేదు. బస్సు కదిలేముందు తాళాల గుత్తిలోంచి ఒకటి ఊడదీసి నా అరచేతిలో పెట్టి, "ఇది కారు తలుపుది. ఎప్పుడొచ్చినా ఎవర్నీ అడగక్కర్లేదు, తెరుచుకుని కూర్చో" అన్నాడు. అంతే. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

ఆ తరువాత నేను రాసిన ఉత్తరాలకు జవాబు లేదు. నేను రాలేదు. పౌరుషం అన్నావనుకో, అదే. కానీ తాళంచెవి ఇచ్చాడు కదా అనుకునేదాన్ని. మాటలు లేకపోతేనేం, తాళంచెవి ఇచ్చిన మనిషి నన్ను కాదనుకున్నట్టు కాదు కదా. ఇన్నేళ్లూ దాని మీదే బతికాను, నవ్వకు.

నీ నలభై నిమిషాలు ఇదేరా. ఆ తలుపు ముందు తాళంచెవి చేతిలో పట్టుకుని నిలబడ్డాను. పెట్టి తిప్పలేదు. తిరిగితే, ఇన్నేళ్లూ ఎందుకు రాలేదని గుండె పగిలేది. తిరగకపోతే... ఆ ఆలోచన పూర్తిచేయకుండానే బయటికొచ్చేశాను. నువ్వు నన్ను దొంగను చేసి రాసేసరికి, చెప్పబుద్ధి కాలేదు. ఇరవై రెండేళ్లు దాచుకున్నదాన్ని నీ లిస్టులో నూట పదిహేనో అంకె చేస్తావని భయం కూడా.

అద్దం జోలికి పోకు. దీంతో తెరువు. పట్టిందో లేదో ఒక్క ముక్క రాయి. నన్ను సంతోషపెట్టడానికి రాయొద్దు. ఉన్నదున్నట్టు రాయి. నీ మాట మీద నాకు కోపం వస్తుంది గాని, అనుమానం రాదు. మొన్నటి ఉత్తరం చదివాక అసలే రాదు.

అక్క


జూన్ 25

అక్కయ్యా,

ఈ ఉత్తరం నీకు పంపను. జరిగింది జరిగినట్టు ఎక్కడో ఒకచోట ఉండాలి కనుక రాసి నా బల్ల అరలో పెట్టుకుంటున్నాను.

నీ కవరు నిన్న అందింది. అప్పటికే, అంటే మొన్న, వెనకద్దం ఊడి వచ్చింది. పగలలేదు. రెండు పూటల పని. వెనక సీటు మీదుగా పాక్కుంటూ వెళ్లి తాళంచెవి తీశాను, నేను కట్టిన చీటీతో సహా. కనుక బండికి ప్రమాదం తప్పింది.

నీ తాళంచెవి ఎడమ తలుపుకు పట్టలేదు.

లోపలికి పోతుంది. తిరగదు. నూనె వేశాను. తిప్పి పెట్టి చూశాను. నా తాళంచెవి పక్కన పెట్టి భూతద్దంలో చూశాను. పళ్ల వరుస వేరు. డిక్కీకి పట్టలేదు. చివరికి పెట్రోలు మూతకు పెట్టి చూశాను. చక్కగా తిరిగింది. తిరిగి ఉపయోగం లేదు, ఆ మూత గడియ ఎప్పుడో పగలగొట్టినది.

పగలగొట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను. నువ్వు వెళ్లిన వారం తరువాత. నాన్నగారు ఉలి పెట్టి కొడుతుంటే మూత పట్టుకున్నది నేనే. "తాళంచెవి ఏమైంది నాన్నగారూ?" అన్నాను. "పోయిందిలే, సరిగ్గా పట్టుకో" అన్నారు. మళ్లీ ఆ మాట రాలేదు.

ఆలోచించినది వరుసగా రాస్తున్నాను. ఒకటి: ఆ తొందరలో గుత్తిలోంచి తప్పుది ఊడదీసి ఉంటారు. రెండు: వారం తిరగకుండానే పొరపాటు తెలిసింది. మూడు: నీకు రాసి తెప్పించుకోవచ్చు, తెప్పించుకోలేదు, మూత పగలగొట్టుకున్నారు. నాలుగు: సరైనది పంపవచ్చు. పంపలేదు. ఈ నాలుగోది ఏం చేయాలో నాకు తెలియటం లేదు. నీకు రాస్తే నువ్వు మొదటి మూడూ చదవవు. నాలుగోది ఒక్కటే చదువుతావు, జీవితాంతం.

ఉన్నదున్నట్టు రాయమన్నావు. పట్టింది అని రాస్తే అబద్ధం. పట్టలేదు అని రాయడానికి చెయ్యి రావటం లేదు.

ఎడమ తలుపు తాళం ఊడదీసి షాపుకు తెచ్చుకున్నాను. బల్ల మీద విప్పి పెట్టాను. లోపల ఆరు ఇత్తడి రేకులు ఉన్నాయి, ఒక్కొక్కటి గోరంత. తాళంచెవి పళ్లు ఏ రేకును ఎంత ఎత్తుతాయో దాన్నిబట్టి తాళం తిరుగుతుంది. నీ తాళంచెవి లోపల పెట్టి చూస్తే నాలుగు రేకులు పైకి పొడుచుకుంటున్నాయి. ఎక్కువేమీ కాదు, అట్ట మందం. ఎవరూ నేర్పని పని. సన్న ఆకురాయి ఒకటి కొనుక్కొచ్చాను.


జూన్ 29

అక్కయ్యా,

నీ తాళంచెవితో ఎడమ తలుపు తెరుచుకుంది. నిన్న సాయంత్రం నాలుగు గంటలకు, నీ మరదలు పక్కన ఉండగా, మూడుసార్లు వేసి మూడుసార్లు తెరిచి చూసి రాస్తున్నాను.

కారు ఇవాళ ఉదయం షెడ్డులోంచి బయటపడింది. అయిదుగురం తోశాము. అడితి యజమాని కూడా లుంగీ ఎగగట్టి ఒక చెయ్యి వేశాడు. "ఇంతకీ తాళంచెవి ఎక్కడ దొరికింది?" అని అడిగాడు. "మా అక్కయ్య దగ్గర ఉంది, నాన్నగారు ఆమెకే ఇచ్చారు" అన్నాను. "అయితే ఇన్నాళ్లూ ఆ అద్దాలు గోకడమెందుకు, ముందే అడగొచ్చుగా?" అన్నాడు.

బండి ఇప్పుడు మా షాపు వెనుక ఉంది. వెనకద్దం తిరిగి బిగించాను. తలుపులు నాలుగూ వేసి ఉన్నాయి. మా ఇంటి కొక్కేనిది ఇకమీదట డిక్కీకి తప్ప పనికిరాదు. ఎడమ తలుపుకు నీదొక్కటే పడుతుంది. నకలు చేయించలేదు. నీదాన్ని ఈ ఉత్తరంతోపాటు రిజిస్టరు పోస్టులో తిప్పి పంపుతున్నాను. లిస్టులో ఎక్కించలేదు.

లోపల తుడవాలి. సీటు కుట్లు విప్పి మళ్లీ కుట్టాలి. గొడుగు బాగుచేయాలి. నువ్వు వచ్చి తలుపు తెరిచేదాకా నేను ఏ పనీ మొదలుపెట్టలేను.

ఏ బస్సుకు వస్తున్నావో రాయి.

తమ్ముడు